వెల్వెట్ మీద చెయ్యి

మా మరిది నోట్లోంచి ఫ్రెంచి పేర్లు తేనెలా కారేవి. బట్టల కొట్లో తాన్లు విప్పుతూ "ఇది షిఫాన్, ఇది క్రేప్, వెల్వెట్‌ని అక్కడివాళ్ళు వెలూర్ అంటారు" అని మూతి సున్నా చుట్టి చెబుతుంటే మా చెల్లి పడిపోయింది. పెళ్ళయ్యాక ఆ నోట్లోంచి బూతులే ఊడిపడ్డాయి. ఆ మధ్య దాని చిటికెన వేలు విరిచాడు. అది వంకరగానే అతుక్కుంది.

మళ్ళీ కొట్టేసరికి నా కుట్టుగదికి పారిపోయి వచ్చింది. మర్నాడే వాడు తలుపు తన్నాడు. గడియ ఊడేలోగా చెల్లి ఇస్త్రీ బల్ల మీద చెయ్యి ఊని, గౌన్లు వేలాడదీసిన స్టాండు వెనక దూరింది.

"ఏది వదినా అది?"

"సూదిపెట్టెలో దాచాను, తీసుకో."

చెంప పగలగొట్టాడు. నోరంతా నెత్తురు. నా కత్తెర లాక్కుని కొలతల బొమ్మకి తొడిగిన టోయల్ మీద పడ్డాడు. టోయల్ అంటే అసలు గుడ్డ కోసేముందు చవక నూలుగుడ్డతో కుట్టి చూసుకునే నమూనా. దాన్ని గొంతు నుంచి పొట్టదాకా చీరేశాడు.

"దాన్నీ ఇలాగే చీరతా."

అన్నంత పనీ చేస్తాడు.

ఇస్త్రీ బల్ల దగ్గర ఆగాడు. బల్ల మీద పరిచిన నల్ల వెల్వెట్ మీద అరచెయ్యి అచ్చు. నూగు ఎదురు తిరిగితే చెయ్యి పెట్టిన చోటు తెలిసిపోతుంది. తుడవడం మరిచిపోయాను, నా బుద్ధి కాలిపోను! చిటికెన వేలు వంకర. ఎవరిదో వాడికి వేరే చెప్పాలా?

"బట్ట నాకు కొత్తా వదినా?" నవ్వుతూ ఎడమ చెయ్యి ఆ అచ్చు మీద పరిచాడు. స్టాండు వైపు వంగాడు. "బయటికి రావే. చెయ్యి దొరికింది, మిగతాది దొరకదా?"

గౌన్లు కదిలాయి.

వెల్వెట్‌కి ముఖం వైపు ఇస్త్రీ పెట్టకూడదు, నూగు చచ్చిపోతుంది. పనిలో చేరిన ప్రతి పిల్లకీ నేను అరిచి నేర్పే మొదటి పాఠం అదే.

లైనింగ్ కోసం వేడెక్కించిన ఇస్త్రీపెట్టె ఎత్తి వాడి చేతి మీద పెట్టాను. ఒంటి బరువంతా వేశాను. వాడి అరుపుకి కత్తెర కింద పడింది. మాంసం కాలిన వాసన. తన్నుతున్నాడు, నా జుట్టు పీకుతున్నాడు. నేను వదల్లేదు.

చెల్లి బయటికొచ్చింది. దాని వంకర వేలు నా చేతుల మీద పడింది. ఆపుతుందనుకున్నాను.

అదీ నొక్కింది.