రెండో డబ్బా ఎవరికి

అమ్మ ఇళ్ల కప్పులు బాగుచేసేది. నాన్న వదిలేసి పోయినా మమ్మల్ని ఒంటిచేత్తో పెంచింది. సెలవొస్తే చాలు, రెండు అన్నం డబ్బాలు పట్టుకుని కొండెక్కేది. గాలి కూడా రొప్పుతూ ఆమె వెనకే నడిచేది.

అమ్మ చనిపోయాక పిన్ని గొణిగింది. "రెండో డబ్బా ఎవరికే? నిప్పు లేందే పొగ రాదు."

నాకూ అనుమానం పట్టుకుంది. ఇద్దరం కొండెక్కి, అక్కడ మేకలు కాసే తాతను అడిగాం.

"రెండూ ఆవిడే తినేది. ఇంట్లో పిల్లలకు చాలుతుందో లేదోనని ముద్ద దిగదంట. ఇక్కడికొస్తే కొండంత ఆకలంట."

"అదంతా నీకెలా తెలుసు?" పిన్ని కళ్లు చిన్నవయ్యాయి.

"నాకో ముద్ద పెట్టమని అడిగాగా. పెట్టలేదు తల్లీ."

అనుమానం తీరిందో, కొండగాలి తగిలిందో, పిన్ని మేం తెచ్చిన డబ్బా తీసి, తాతకూ నాకూ మెతుకు మిగల్చకుండా ఊడ్చేసింది.