అంటుకోని బీకరు

అక్కకు కడుపు మండిపోతోంది. పన్నెండేళ్లుగా ఈ బడి రసాయన ప్రయోగశాలను కంటికి రెప్పలా చూసుకున్నది తను. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన సొంత చెల్లెలి చుట్టూ మాత్రం పిల్లలు బెల్లం చుట్టూ ఈగల్లా ముసురుతున్నారు. పైగా హెడ్మిస్ట్రెస్ ఇవాళ ఇద్దరి పాఠాలూ చూసి, ల్యాబు తాళాలు ఎవరికివ్వాలో తేలుస్తానంది. తేల్చడానికి ఏముంది? న్యాయంగా అవి అక్కవే. ఆ సంగతి అక్కకు తప్ప ఎవరికీ పట్టినట్టు లేదు.

ముందు అక్క పాఠం అయిపోయింది. వేడి పుట్టించే చర్య. సున్నంలో నీళ్లు పోసింది, థర్మామీటరులో పాదరసం ఎక్కింది, పిల్లలు రాసుకున్నారు. ఒకడు ఆవలించాడు కూడా.

ఇక చెల్లిది వేడిని పీల్చుకునే చర్య. రెండు తెల్లటి పొడులు బీకరులో కలిపితే చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటాయి. బీకరు కింద చెక్కమీది తడి గడ్డకట్టి, బీకరు ఎత్తితే దానికి అంటుకుని చెక్క కూడా పైకి లేస్తుంది. అందుకు నాలుగు చుక్కల నీళ్లు చాలు. చెల్లిది ఎప్పుడూ దుబారా చెయ్యే కదా, విరామంలో చెక్కమీద అరగ్లాసు ఒలకబోసి, పొడుల సీసాల కోసం పక్కగదిలోకి వెళ్లింది. అక్క చెయ్యి ఊరుకోలేదు. కోటు చేతితో చెక్కనంతా పొడిగా తుడిచేసింది.

పిల్లలూ హెడ్మిస్ట్రెస్సూ వచ్చారు. చెల్లి పొడులు కలిపింది. ఘాటు వాసన గుప్పుమంది, పాదరసం సున్నా కిందికి దిగింది. చెల్లి బీకరు ఎత్తింది. చెక్క బల్లమీదే ఉండిపోయింది.

అక్క మనసు గంతులేసింది. ఒప్పుకోవడానికి సిగ్గే గానీ, నిజం.

చెల్లి చెక్కను వేలితో తడిమింది. ఒక్క క్షణం అక్కవైపు చూసి, నవ్వేసింది.

"నీళ్లు చల్లడం మర్చిపోయాన్రా! ఇది నాకు నేర్పింది మా అక్కే. తను చేస్తే ఒక్కసారి కూడా తప్పలేదు. మేడమ్, ల్యాబు అక్క చేతిలోనే ఉండనివ్వండి. నేను పక్కన నిలబడి నేర్చుకుంటాను."

హెడ్మిస్ట్రెస్ తలూపి, తాళాలు అక్క చేతిలో పెట్టి వెళ్లింది. పిల్లలూ వెళ్లిపోయారు. అంతగా ఆశపడ్డ తాళాలవైపు అక్కకు చూడబుద్ధి కాలేదు.

చెల్లి సీసాలు సర్దుతూ, తలెత్తకుండానే అంది.

"ఆ కోటు విప్పి ఆరేసుకో అక్కా. మోచేతిదాకా తడిసిపోయింది. అసలే నీకు ఊరికే జలుబు చేస్తుంది."