సగం గోడ

హైవే పక్క మోటెల్లో ఇరవై ఆరేళ్ళు దుప్పట్లు మార్చి, బాత్‌రూములు కడిగి రిటైరైన మనిషిని నేను. పరుపు అంచు ఎత్తి చూశానంటే నల్లులున్నదీ లేనిదీ చెప్పేస్తాను. కార్పెట్ ఎప్పుడు ఉతికారో వాసన చూసి చెప్తాను. మా జేన్స్‌విల్‌లో ఎవరు సెలవులకు బయల్దేరినా ముందు నాకే ఫోను. "నోరీన్, ఏ హోటల్ తీసుకోమంటావు?" అని. పాస్టరు భార్య కూడా నన్నడక్కుండా గది తీసుకోదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నేను మాత్రం నా మనవరాలి దగ్గర పడ్డాను.

టెస్సాకు తొమ్మిదేళ్ళు. తొడ ఎముకలో పుట్టిన కాన్సరు రెండేళ్ళలో ఊపిరితిత్తులకు పాకింది. జులై మొదట్లో కొలంబస్ ఆసుపత్రిలో మళ్ళీ స్కాన్ తీశారు. టెస్సా ఎప్పుడూ సముద్రం చూడలేదు. "వెళ్ళి చూపించి రండి. బుధవారం నేనే ఫోన్ చేసి స్కాన్ సంగతి చెప్తాను" అన్నాడట డాక్టరు. ఆ మాట విన్నరోజే నా కూతురు కెండ్రా నా వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడింది.

"అమ్మా, గది నువ్వే చూడు. సముద్రం దగ్గర్లో ఉండాలి. పొయ్యి ఉండాలి, దానికి బయటి తిండి పడట్లేదు. ఇంకోటి, తలుపుండాలి."

"తలుపు లేని గది ఎక్కడుంటుందే పిచ్చి మొహమా?"

"అది కాదమ్మా. దాని మంచానికీ మేం కూర్చునే చోటుకీ మధ్య తలుపు. మూస్తే మూసుకునేది. డాక్టరు ఏం చెప్పినా సరే, ఇంటికొచ్చేదాకా దానికి తెలియకూడదు. ఈ ఐదురోజులూ దానివి. ఏడుపొస్తే నేను తలుపేసుకుని ఏడుస్తాను."

"ఆ మాత్రం నాకు తెలీదా? నిశ్చింతగా వెళ్ళు" అన్నాను.

తెలుసు. అన్నీ తెలుసుననుకోవడమే నా కొంప ముంచింది.

మూడు రోజులు డైనింగ్ టేబుల్ మీద కళ్ళజోడు, ఫోను, నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాను. ఇంటర్నెట్టులో బొమ్మలు నమ్మకూడదు, కౌంటరుకే నేరుగా ఫోన్ చేయాలి. అదీ మధ్యాహ్నం రెండింటికి, ఖాళీ చేసేవాళ్ళ హడావుడి తగ్గాక చేయాలి. వృద్ధులకు ధర తగ్గించే కార్డుందని మొదటే చెప్పకూడదు. వాళ్ళు చివరి ధర చెప్పాక తీయాలి. ఈ విద్యలన్నీ ఊరందరికీ నేర్పినదాన్ని నేనే.

సముద్రపు ఒడ్డు ఊరు మర్టిల్ బీచ్‌లో మొదటి హోటలు రోజుకు రెండొందల ఎనభై డాలర్లంది. అల్లుడు డ్వేన్ టైర్ల షాపులో పనిచేస్తాడు, అతని జీతమంతా ఆసుపత్రికే సరిపోతోంది. రెండోదాంట్లో పొయ్యి లేదు. మూడోవాడు "రోడ్డు దాటితే సముద్రమే" అన్నాడు. ఆ రోడ్డు ఆరు వరుసలని నాకు తెలుసు, కుంటుతున్న పిల్లను పెట్టుకుని దాటమంటాడా దరిద్రుడు! నాలుగోది కుదిరింది. సముద్రం ఒడ్డునే, పొయ్యి, ఫ్రిజ్జు, లిఫ్టు, పొద్దున ఉచితంగా టిఫిను. రోజుకు నూట ముప్ఫై తొమ్మిది.

"రెండు గదుల సూటేనా అమ్మాయ్?" అని అడిగాను.

"అవును మేడమ్, సూటే. కూర్చునే చోటు వేరు, పడుకునే చోటు వేరు" అంది కౌంటరు పిల్ల.

అప్పుడు కార్డు తీశాను. ఇంకో పది డాలర్లు తగ్గించింది. తగ్గిస్తే మాత్రం మొత్తం ముందే కట్టాలి, వెనక్కి ఇవ్వరంది. నల్లుల గురించి అడిగాను, ఐసు మెషీను గురించి అడిగాను, కారు పెట్టుకోవడానికి డబ్బులడుగుతారా అని అడిగాను. తలుపు గురించి అడగలేదు. మా మోటెల్లో నాలుగు సూట్లుండేవి, నాలుగింటికీ తలుపులుండేవి. ఆ ఇత్తడి పిడులు ఇరవై ఆరేళ్ళు తుడిచిన చేతులివి. సూట్‌కు తలుపుంటుందా అని అడగడం ఇంటికి కప్పుంటుందా అని అడిగినట్టుండేది నాకు. పైగా పది డాలర్లు తగ్గించానన్న మిడిసిపాటొకటి. ఫోను పెట్టేసి కాఫీ కలుపుకుని తాగాను.

సోమవారం తెల్లవారి బయల్దేరి, డ్వేన్ పాత వ్యానులో పదకొండు గంటలు ప్రయాణం చేశాం. ఐసుపెట్టెలో సాండ్విచ్‌లు, వెనక సీట్లో టెస్సా, పక్కన దాని తమ్ముడు నాలుగేళ్ళ వాయట్. దారి పొడుగునా వాడు "సముద్రం వచ్చిందా?" అని అడగడం, అది "నీ వెనకే వస్తోంది, చూసుకో" అని ఏడిపించడం. సాయంత్రానికి హోటలు చేరాం. గది తెరిచి ముందు నేనే లోపలికి వెళ్ళాను, పరుపు చూడాలి కదా.

మంచానికీ సోఫాకీ మధ్య గోడ ఉంది. నా భుజాల దాకా ఉంది. దాని మీద టీవీ పెట్టారు. ఆ పక్కన మనిషి పట్టేంత సందు. తలుపు లేదు.

డ్వేన్ సంచులు దింపి ఆ సందు వంక చూశాడు. "తలుపు కడగడానికి పట్టుకెళ్ళారేమో అత్తయ్యా, ఉండండి, కింద అడిగొస్తా" అన్నాడు. నన్ను నవ్వించాలనే అన్నాడు పాపం. కెండ్రా నవ్వలేదు. మందుల సంచి తీసి ఫ్రిజ్జులో సర్దుకుంటూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేది.

నేనే కిందికి పోయి కౌంటరు మీద చెయ్యేసి గొడవపడ్డాను. "దీన్ని సూటంటారా? సిగ్గుండాలి!"

"మా దగ్గర అన్నీ ఇంతే మేడమ్. జులై కదా, ఊరంతా నిండిపోయింది" అన్నాడు అక్కడి కుర్రాడు. డ్వేన్ మరో నాలుగు హోటళ్ళకు ఫోన్ చేశాడు. ఒక్కచోట తలుపున్న గది దొరికింది, రోజుకు మూడొందల నలభై. కట్టిందేమో తిరిగి రాదు, ఆ షరతు నేను బేరమాడి తెచ్చుకున్నదే. ఆ రాత్రికి సందుకు దుప్పటి కట్టాం. ఫోనొస్తే బాత్‌రూములో ఫ్యాన్ వేసుకుని మాట్లాడాలని, ఆ తర్వాత మాటలేవైనా వరండాలోకి వెళ్ళే మాట్లాడుకోవాలని పెద్దవాళ్ళం ముగ్గురం అనుకున్నాం.

మంగళవారం డ్వేన్ టెస్సాను వీపున మోసుకుని ఇసుకలోకి తీసుకెళ్ళాడు. దాని గుండు మీద పసుపుపచ్చ టోపీ. అలలు కాళ్ళ మీదకు వస్తుంటే అది అరిచిన అరుపులకు పక్కవాళ్ళంతా తిరిగి చూశారు. నేను తువాలు పరిచే ముందు అలవాటుగా కుర్చీ కింద వంగి చూశాను.

"అమ్మమ్మా, సముద్రం కూడా అంచెత్తి చూడు, నల్లులుంటాయేమో!" అంది.

ఎన్నాళ్ళకో అందరం పగలబడి నవ్వాం. ఆ ఒక్కరోజు దేవుడు ఇచ్చాడు, కాదనను.

బుధవారం మధ్యాహ్నం ఉరుములతో వాన పట్టుకుంది. డ్వేన్ పిల్లవాణ్ణి కింద ఆటల గదికి తీసుకెళ్ళాడు. టెస్సా దుప్పటి వెనక నిద్రపోతోంది. నిద్రలో దాని ఊపిరి సన్నగా ఈల వేస్తుంది, ఊపిరితిత్తులు పాడైనప్పటి నుంచీ అంతే. రెండున్నరకు ఫోను మోగింది. కెండ్రా బాత్‌రూములోకి పరిగెత్తి తలుపేసుకుంది. తుడిచిన పొయ్యినే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాను.

కెండ్రా బయటికొచ్చినప్పుడు దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకుపోవాలి నేను. అనుకున్నదే కదా! నా నోరు పడిపోను, దాన్ని అక్కడే సోఫాలో పక్కన కూర్చోబెట్టుకుని అడిగేశాను.

"ఏమన్నాడే? ఎన్నాళ్ళట?"

"క్రిస్మస్ దాకా ఉంటే గొప్పేనటమ్మా."

"ఇంకే మందూ లేదా?"

"లేదట. నొప్పి తెలియకుండా చూసుకోమన్నాడు. అంతేనట." సోఫా దిండు నోట్లో కుక్కుకుని నా ఒళ్ళో పడిపోయింది. నా బిడ్డ దాని బిడ్డ కోసం అలా మెలికలు తిరిగిపోతుంటే, వీపు నిమరడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఎంతసేపని తెలియదు. ఉన్నట్టుండి ఒకటి గమనించాను. దుప్పటి వెనక నుంచి ఈల వినిపించడం లేదు.

వాన హోరులే, అందుకే వినపడలేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. లేచి వెళ్ళి చూడటానికి ధైర్యం చాల్లేదు. కెండ్రాకు చెప్పనూ లేదు.

గురువారం పొద్దున టిఫినుకు టెస్సా, నేనే ముందు దిగాం. వాఫిల్ అనే గళ్ళ అట్లు చేసే యంత్రం దగ్గర నిలబడ్డాం. పిండి పోసి, మూతేసి, పిడి పట్టుకుని తిప్పితే రెండు నిమిషాల్లో కూత పెడుతుంది. పిండి అది పోసింది, నేను తిప్పాను.

"అమ్మమ్మా, నీకు గుసగుసలాడటం చేతకాదు" అంది, యంత్రం వంకే చూస్తూ.

"ఏం విన్నావే తల్లీ?"

అది పిండి గ్లాసు పక్కన పెడుతూ అంది. "వచ్చే ఏడు అమ్మావాళ్ళను తీసుకొచ్చినప్పుడు తలుపున్న గది చూడు. వాయట్‌గాడు ఎప్పుడూ గదిలోనే ఉంటాడు కదా. అమ్మకి ఏడవడానికి చోటుండదు."

అమ్మావాళ్ళను, అంది. మమ్మల్ని అనలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల తనను తీసేసి లెక్క వేసుకుంది. యంత్రం కూత పెడుతూనే ఉంది, పిడి మీద నా చెయ్యి లేవలేదు. వెనకున్నాయన "మాడిపోతోందండీ" అంటే టెస్సాయే మూత ఎత్తింది.

"నాకు తెలుసని అమ్మకు చెప్పకు" అంది. "ఇంటికెళ్ళాక అమ్మే చెప్తుందిగా. అప్పటిదాకా ఆగు."

"క్షమించవే తల్లీ. తలుపు సంగతి నేను అడగాల్సింది."

"పోనీలే. నల్లులు లేవు కదా" అని నా చెయ్యి పట్టుకుంది.

పళ్ళేలు పట్టుకుని పైకి వెళ్ళాం. కెండ్రా కళ్ళ కింద పౌడరు అద్దుకుని, కొత్త చొక్కా వేసుకుని, మొహాన నవ్వు తెచ్చిపెట్టుకుని ఎదురొచ్చింది. "బంగారం, నిన్న మధ్యాహ్నం నుంచీ డల్‌గా ఉన్నావు. నిద్ర సరిగ్గా పట్టలేదా?"

"మొద్దు నిద్రపోయానమ్మా. ఉరుములు కూడా వినపడలేదు" అని టెస్సా మంచమెక్కి వాఫిల్ తినడం మొదలుపెట్టింది.

కెండ్రా ఆ సగం గోడకు ఇవతల నిలబడి నా చెవి దగ్గర వంగింది. "దానికేం తెలియలేదు కదమ్మా?"

గోడకు అవతల టెస్సా నమలడం ఆపి నా వంక చూసింది.

"తెలియలేదే" అన్నాను.