కుడితి తాగిన జాడీ

నేను ఒక పింగాణీ జాడీని. పైభాగం బెల్లం రంగు, కింది భాగం మీగడ రంగు. బంకమట్టిగా ఉన్న నన్ను సారె మీద తిప్పి, మెరుగు పూసి బట్టీలో కాల్చినవాడు, పనంతా అయ్యాక నాలో నీళ్ళు నింపి పక్కన పెట్టాడు. మర్నాడు కింద చెయ్యి పెట్టి తడిమి, తడి తగలకపోయేసరికి "ఇది గట్టి పిండం" అన్నాడు. నేను విన్న మొదటి పొగడ్త అదే. మా జాడీల కులంలో కారడమంత అప్రతిష్ఠ ఇంకోటి లేదు.

నన్ను సంతలో కొన్నది వరహాలమ్మ. పిఠాపురం దగ్గర పల్లెలో అప్పటికి కొత్త కోడలు. వేలి కణుపుతో కొట్టి మోత విని, బేరమాడి, చంకనెత్తుకుని తీసుకుపోయింది. ఆనాటి నుంచి ఏటేటా ఆవకాయ నా కడుపులో ఊరింది. చుట్టాలొచ్చినప్పుడల్లా ఆవిడ నన్ను చూపించి "చుక్క కారదండీ" అనేది. నాకు గర్వం తలకెక్కిందంటే తప్పు నాది కాదు.

తర్వాత కొడుకు రాజబాబుకి కాకినాడలో ఉద్యోగం వచ్చింది. గేదెను అమ్మేసి అందరూ కలిసి ఫ్లాటులో చేరారు. సామాను దించేటప్పుడు నా మూతి అంచు పెచ్చు లేచిపోయింది. మూత సరిగా కూర్చోని జాడీలో ఆవకాయ బూజు పడుతుంది కదా. అది సీసాలోకి మారింది. నాలో మట్టి పోసి, తమలపాకు తీగ నాటి, వంటింటి కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. భోజనమయ్యాక ఒక లేతాకు తుంచుకుని వక్కతో నమలడం వరహాలమ్మకున్న ఏకైక విలాసం.

గేదె పోయింది గాని, గేదెను మేపిన చెయ్యి ఊరుకోదు. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, టీ పిప్పి, కూరగాయల తొక్కలు అన్నీ ఆవిడకి కుడితే. పారబోస్తే పాపం. పెరట్లో కుడితి తొట్టి లేదు, మరి నేనున్నానుగా! పొద్దున్నా సాయంత్రం నాలో పోసి, "తాగమ్మా, తాగు" అని తీగను నిమిరేది. అడుగున చిల్లి లేని నేను అంతా కడుపులోనే దాచుకున్నాను. తీగ వేళ్ళు మురిగాయి. ఆకు పసుపుబారింది. ఆకు పసుపుబారితే బలం చాల్లేదనుకుని ఆవిడ ఇంకో గిన్నెడు పోసింది. మనుషుల ప్రేమకి మందు లేదు.

ఆ మట్టిలోంచే పుట్టాయి నుసుములు. దోమలో పావు వంతుండే నల్ల పురుగులు. కుట్టవు, కరవవు, కాని మాట్లాడబోతే నోట్లో దూరతాయి. మామూలు ఇల్లయితే విసుక్కుని ఊరుకునేవారు. మా ఇంటి కోడలు హైమావతి మాత్రం పోర్టు దగ్గర ఒక ఆఫీసుకి మధ్యాహ్నం భోజనం డబ్బాలు కడుతుంది. ఉద్యోగం వెతుక్కుని వేసారి, తన చేతి వంటనే నమ్ముకుని మొదలెట్టిన పని అది. ఒకరోజు ఫోనొచ్చింది. పప్పులో పురుగు తేలిందట. ఇంకోసారి ఇలా జరిగితే వేరేచోట చూసుకుంటామన్నారు.

ఆ సాయంత్రమే అరటిపళ్ళన్నీ ఫ్రిజ్జులోకి ఎక్కాయి. హైమావతి సింకులో మరిగే నీళ్ళు పోసింది. చెత్తబుట్టకి కొత్త మూత తెచ్చింది. వరహాలమ్మ వేపాకు పొగ వేస్తే ఇంటిల్లిపాదీ దగ్గారు, నుసుములు మాత్రం హాయిగా నా మట్టి మీద కూర్చున్నాయి. వేడివేడి కూరలకే మూతలు బిగించాల్సి వచ్చేది. ఆవిరి నీరై దొండకాయ వేపుడు మెత్తబడి, దానికీ ఫిర్యాదే. వరహాలమ్మ విసనకర్ర పుచ్చుకుని డబ్బాల ముందు కాపలా కూర్చుంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో నేను కళ్ళారా చూశాను. చెప్పడానికి నాకు మూతి ఉంది గాని నోరు లేదు.

చివరికి బంగాళాదుంప తొక్క పట్టిచ్చింది. అత్తగారు నా మట్టిలో వేసిన తొక్కల్లో ఒకటి జిగురుగా కనబడి హైమావతి దాన్ని ఎత్తింది. కింద సన్నటి తెల్ల పురుగులు, నల్ల తలకాయలతో, లుకలుకలాడుతున్నాయి.

"అత్తయ్యగారూ, ఇలా రండి" అంది.

వరహాలమ్మ వంగి చూసింది. "నేనేనా అమ్మాయ్ ఇదంతా పెంచింది?" అంది.

రాజబాబు చూసి, "పొద్దున్నే కింద చెత్త బండిలో పడేస్తాను" అన్నాడు.

నా పని అయిపోయిందనుకున్నాను. అడ్డుపడింది హైమావతే. "జాడీ ఏం చేసిందండీ? నీళ్ళు పోయే దారి లేదు, అంతే. అడుగున చిల్లి పెడదాం."

"పింగాణీ. డ్రిల్లు పెడితే రెండు ముక్కలవుతుంది."

ఇద్దరూ వరహాలమ్మ వైపు చూశారు. ఆవిడ కొంగుతో నా పెచ్చు లేచిన అంచు తుడిచి, "పగిలితే పగిలింది. పిల్ల పనికన్నా ఎక్కువేంట్రా ఇది!" అంది. హైమావతి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

మట్టి తీసి సంచిలో మూటకట్టి బయట పడేశారు. కుళ్ళిన వేళ్ళు పోగా, బాగున్న కొమ్మ ఒకటి గ్లాసులో పెట్టారు. నన్ను పాత బొంత మీద బోర్లించారు. కింది ఫ్లాటువాళ్ళ డ్రిల్లు తెచ్చి, చుక్క చుక్కగా నీళ్ళు వదులుతూ హైమావతి మెల్లగా తిప్పింది. వరహాలమ్మ పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఒళ్ళంతా జిల్లుమంది నాకు. అన్నేళ్ళ పరువు ధూళిగా రాలుతోంది. అంతలో చటుక్కున గాలి లోపలికి వచ్చింది. పగల్లేదు! "అత్తయ్యగారూ, అయిపోయింది" అన్న కేక వినగానే తలుపు తెరుచుకుంది. నా ప్రాణమూ ఆవిడ ప్రాణమూ ఒక్కసారే లేచొచ్చాయి.

కొత్త మట్టిలో ఇసుక, కాస్త వేపపిండి కలిపారు. పైన మళ్ళీ ఇసుక పరిచారు. పసుపు రంగు అట్టకి ఆముదం రాసి తీగ పక్కన గుచ్చితే, ఇంట్లో మిగిలిన నుసుములు వచ్చి దానికి అంటుకున్నాయి. కుడితి మాత్రం వెనక వీధిలో గేదెలున్నవాళ్ళు వచ్చి పట్టుకెళ్తున్నారు. మొదట్లో వరహాలమ్మ ఖాళీ చేతులతో నా ముందు నిలబడి అల్లాడిపోయేది. మట్టిలో వేలు దించి చూసి, తడి తగిలితే నిట్టూర్చి వెళ్ళిపోయేది. ఎండితేనే నీళ్ళు. పోస్తే కింద పళ్ళెంలోకి కారతాయి, వెంటనే పారబోస్తారు. కారడంలో ఇంత సుఖముందని నాకెవరూ చెప్పలేదు.

అట్ట మీద చుక్కలు రోజురోజుకీ తగ్గాయి. తర్వాత కొత్తవి పడలేదు. అయినా నమ్మకం కుదరక హైమావతి కొన్నాళ్ళు వేడి కూరలకే మూతలు బిగించింది.

ఇవాళ పన్నెండు కావస్తోంది. బల్ల మీద డబ్బాలన్నీ మూతలు తీసి వరసగా ఉన్నాయి. వేపుడు ఆరుతోంది. కాపలా కూర్చున్న వరహాలమ్మ కుర్చీలోనే నిద్రపోయింది, విసనకర్ర ఒళ్ళోకి జారింది. హైమావతి వంటింట్లోంచి వచ్చి చూసి, ఆవిణ్ణి లేపకుండా వెళ్ళి పెరుగు పచ్చడికి తాలింపు పెట్టుకుంది.