ముడతల ఆపిల్

మ్యూజియంలో రాళ్ల గది ఊడ్చి తుడిచేది నేను. నెలకో ఆపిల్ ఎండబెట్టడం కూడా నా పనే. కిటికీ గట్టు మీద మూడు పెట్టి, బాగా ముడతలు పడ్డదాన్ని ఏరి అద్దాల పెట్టెలో ఉంచాలి. కింద బోర్డు: "భూమి చల్లారి కుంచించుకుపోయింది. ఆ ముడతలే పర్వతాలు." రాసింది మా పెద్దసారే, వయసులో ఉన్నప్పుడు.

పక్కనే పెద్ద గ్లోబు. కొండలు చేతికి తగిలేలా ఎత్తుగా చేశారు. పదిహేనేళ్లు తుడిచాక గుడ్డ ఎక్కడ తగులుకుంటుందో వేళ్లకే తెలుస్తుంది. కొన్నిచోట్లే, గొలుసుల్లా. మిగతాదంతా జారిపోతుంది. ఆపిల్‌కేమో ఒళ్లంతా ముడతలే. ఇదేం లెక్క? లైబ్రరీలో కూర్చున్నాను. ఒక్కో పేజీకి రెండు రోజులు పట్టింది. పట్టనీ. ఆ కుంచించుకుపోయే సిద్ధాంతాన్ని ఎప్పుడో పక్కన పడేశారు. భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉండి కదులుతుంది, అవి ఢీకొన్నచోట కొండలు లేస్తాయి.

ఆనాటి నుంచి చూడ్డానికొచ్చిన వాళ్లందరికీ బోర్డు తప్పని చెప్పాను. తివాచీని రెండు వైపుల నుంచీ నెట్టి కొండల వరస లేపి చూపించాను. పెద్దసారు చెవిన పడింది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. రేపు తనిఖీ ఉంది, ఆపిల్ పెట్టి నోరు మూసుకో, లేదంటే ఎల్లుండి నుంచి రావద్దన్నాడు.

టికెట్లు చింపే తమ్ముడు బతిమాలాడు.

"కొండలు ఎలా పుడితే నీకెందుకక్కా? నువ్వు తుడిచేది దుమ్మేగా."

"బోర్డు మీదున్నా దుమ్ము దుమ్మేరా."

మర్నాడు తనిఖీకొచ్చిన మేడం ముందు పెట్టె ఖాళీగా ఉంది. పెద్దసారు ఆపిల్ ఏదన్నాడు. నా చేతిలోనే ఉంది. ముందు గ్లోబు మీద చెయ్యి పెట్టి తిప్పి చూడమన్నాను. ఆయన కదల్లేదు. మేడమే తిప్పింది. చెయ్యి జారింది, తగిలింది, మళ్లీ జారింది.

"వరసలుగానే ఉన్నాయే," అంది.

"పెట్టెలో పెట్టు," అన్నాడు పెద్దసారు పళ్లు బిగించి.

ఆపిల్ కొరికాను. తోలులా సాగింది. నమిలి మింగాను.

మేడం వెళ్లగానే గది తాళంచెవి బల్ల మీద పెట్టి పొమ్మన్నాడు. పెట్టలేదు.

"తీసేస్తున్నానని కాగితం మీద రాసివ్వండి సారూ. ఎందుకు తీసేస్తున్నారో కూడా రాయండి."

కలం తీశాడు. తీసి అట్లాగే కూర్చున్నాడు. మూడు నెలలైంది. ఆ కాగితం ఇంకా రాలేదు. పెట్టె ఖాళీగానే ఉంది, తాళంచెవి నా కొంగునే ఉంది.