మొగలిదిబ్బ కింది నీళ్లు

రాజోలుకు దిగువన, సముద్రపు ఒడ్డునున్న మా ఊళ్లో అమలాపురం కాంట్రాక్టరు శ్యామ్ బాబు గారు రిసార్టు కట్టారు. మంచం మీద పడుకున్న అతిథికి సముద్రం కనబడాలని ఆయన కోరిక. కనబడలేదు. మధ్యలో మొగలిపొదలు కప్పుకున్న ఇసుకదిబ్బ ఉంది. ప్రకృతిని చూడడానికి ప్రకృతే అడ్డమైనప్పుడు ఏది తొలగించాలో ఆయనకు సందేహం కలగలేదు.

ఆ దిబ్బ చేసే పని మాత్రం కంటికి కనబడేది కాదు. కురిసిన వానంతా అందులో ఇంకి, అడుగునున్న ఉప్పునీటిని తన బరువుతో అణచి ఉంచేది. అందువల్లే దాని పక్కన మనిషిలోతు గుంట తీస్తే తియ్యటి నీరు ఊరేది. ఆ గుంటను దొరువు అంటాం. ఊరు తాగేదీ, టీచరు రేచల్ మల్లెతోట బతికేదీ ఆ దొరువు నీళ్లతోనే.

దిబ్బ ప్రభుత్వానిది, అంటే ఎవరిదీ కాదు. అయినా ఊరు అడ్డుపడుతుందేమోనని శ్యామ్ బాబు గారు ఇసుకను ఉచితంగా పంచిపెట్టారు. వానాకాలం బురదలో మునిగే వాకిళ్లను మెరక చేసుకోవాలని అందరికీ ఉన్నదే. ట్రాక్టర్లు బారులు తీరాయి. సముద్రం కనబడింది.

మరుసటి వేసవికి దొరువు ఉప్పుబారింది. మల్లె ఆకులు అంచుల నుంచి మాడాయి. రేచల్ ఊరివాళ్లను వెంటబెట్టుకుని రిసార్టుకు వెళ్లింది.

“మా దిబ్బ మాకు మళ్లీ పోయించండి.”

“ఆయ్, తప్పకుండానండి. ఇసుకేదండీ మరి? మీ ఆయన ప్రవీణ్ కుమార్ గారు దాని మీదే కదండీ టైల్సు వేయించేరు! ఎంత చదునుగా వచ్చేయండీ!” అన్నారు శ్యామ్ బాబు గారు.

వెనకనున్నవాళ్లు నవ్వారు. నవ్వినవాళ్ల వాకిళ్లూ మెరకగానే ఉన్నాయి.

రేచల్ ఇంటికి వచ్చి గునపం తీసింది. ప్రవీణ్ కుమార్ అడ్డం నిలబడ్డాడు.

“నీకేమైనా మతిపోయిందా?”

“దాహమేస్తే టైల్సు తాగుతారా?”

నాలుగో టైలు పగిలాక అతనే పార తెచ్చాడు.

పక్కింటి వీరలక్ష్మి గోడమీంచి తొంగిచూసింది. “మంచి పని చేస్తున్నారు టీచరుగారూ. మాదీ ఇచ్చేవాళ్లమేనండి, మొన్ననే సిమెంటు చేయించేసేం గానీ.”

ఆ ఇసుకంతా పాత దిబ్బ చోటనే పోయించారు. పట్టి ఉంచే వేళ్లు లేవు గనుక రాత్రి గాలికి సగం లేచి రిసార్టు ఈతకొలనులో పడింది. పొద్దున్నే శ్యామ్ బాబు గారు పరుగెత్తుకొచ్చారు.

“మీ ఇసుక మా నీళ్లలో పడిందండీ!”

“ఆయ్. మీ సముద్రం మా నీళ్లలో పడింది,” అంది రేచల్.

ఆ మధ్యాహ్నమే మొగలి కొమ్మలు తెప్పించి, మిగిలిన ఇసుకలో భార్యాభర్తలు దగ్గర దగ్గరగా నాటారు. సరిగ్గా ఆయన అతిథుల మంచాలకు ఎదురుగా. స్థలం ఎవరిదీ కాదు గనుక ఆయన ఎవరికీ ఫిర్యాదు చేయలేకపోయారు.