లేని నది

బ్లేడు మొనతో గీకుతున్నాడు. మందపాటి కాగితం మీద జానెడు పొడవున్న నీలిగీత పొట్టుపొట్టుగా లేస్తోంది. నోటితో ఊదడు, తడి తగిలితే కాగితం ఉబ్బుతుంది. మెత్తటి కుంచెతో పక్కకు తుడుస్తాడు.

ముప్పై ఏళ్ల కిందట ఆ నీలిగీతను నదిగా గీసిందీ ఆయనే. పటాల ఆఫీసులో అందరూ గీతల బాబాయి అంటారు. బండెక్కితే కళ్లు తిరిగే మనిషి, ఊరి పొలిమేర దాటి ఎరగడు. ఖండం లోపలికి వెళ్లొచ్చినవాళ్ల నోటుపుస్తకాలు చూసి కొండలూ దారులూ పటంలోకి ఎక్కించడం ఆయన పని. సంబంధాలు వచ్చిన రోజుల్లో, ఈ షీటు అయ్యాక చూద్దామన్నాడు. ఒకటయ్యాక ఇంకో షీటు వచ్చింది. సంబంధాలు రావడం మానేశాయి.

నది లేదని తేల్చుకొచ్చిన సర్వేయరు పక్కనే కూర్చున్నాడు. ఎండకు కాలిన ముక్కు మీద చర్మం ఇంకా ఊడుతోంది.

"మీ పటం నమ్ముకునే వెళ్లాం బాబాయ్. ఎలాగూ నది వస్తుంది కదా, బరువెందుకని సగం నీళ్లు దారిలోనే పారబోశాం. తీరా చూస్తే ఇసుక."

"అందరూ తిరిగొచ్చారా?"

"వంటవాడు రాలేదు."

బ్లేడు ఆగింది. ఆయన లేచి, బీరువా అడుగునుంచి పాత నోటుపుస్తకం తీసి పేజీ తెరిచాడు. మొట్టమొదట అటు వెళ్లినాయన దూరం నుంచి చూసి, నది ఉండొచ్చని పెన్సిలుతో చుక్కలు పెట్టాడు. చివర ప్రశ్నార్థకం.

"ఈ ప్రశ్నార్థకాన్ని వదిలేశాను. కొండ పేరు పెద్దక్షరాల్లో రాశాను, జాగా చాల్లేదు. చుక్కలు కూడా కలిపేశాను, చూడ్డానికి బావుంటుందని."

సర్వేయరు పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.

"ఎవరికైనా చెప్పారా?"

"నీకే."

"ఆ వంటవాడు పాటలు పాడేవాడు బాబాయ్. చెవులు చిల్లులు పడేవి. నోరు ముయ్యరా అని రోజూ తిట్టేవాణ్ణి."

ఆయన పుస్తకం పట్టుకుని పెద్దాఫీసరు గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆఫీసరు తలెత్తలేదు. "పాత పొరపాటు. కొత్త అచ్చులో సరిచేస్తే సరిపోతుంది. మీరు వెళ్లండి." నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

తిరిగి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. గీకిన చోట, కొండ పేరు కన్నా పెద్దక్షరాలతో, 'ఇక్కడ నీళ్లు లేవు' అని రాశాడు. సిరా ఆరేదాకా కదల్లేదు. ఆ తరవాత కలం కడిగి, చొక్కా చేతులు దించుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆఫీసుకు రాలేదు. ఎన్నడూ సెలవు పెట్టని మనిషి. మధ్యాహ్నం సర్వేయరు ఆయన అద్దె గది వెతుక్కుంటూ వెళ్లాడు. ఇల్లుగలావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నిద్రలోనే పోయారు బాబూ. నిన్న ఏమీ తినలేదు. మంచినీళ్లు మాత్రం అడిగి తీసుకెళ్లారు. కబురు పెడదామంటే ఎవరికి పెట్టాలో తెలీలేదు."

గోడలు బోసిగా ఉన్నాయి, ఒక్క పటమైనా లేదు. మంచం పక్కన స్టూలు మీద సాసరు మూసిన గాజుగ్లాసు ఉంది. సర్వేయరు సాసరు తీశాడు. నీళ్లు అంచుదాకా ఉన్నాయి.